కొత్త షాకులండి, సర్దుకుంటాయి

మెకానిక్కుకి రిటైర్మెంటు తేదీ అంటూ ఉండదు. ఒకరోజు కారు కిందకి దూరతాడు, పని పూర్తవుతుంది, బయటికి మాత్రం రాలేకపోతాడు. నాకూ అలాగే అయింది. కారు తాలూకు ఆయనే నా కాళ్ళు రెండూ పట్టుకుని ఇవతలికి లాగేరు. లాగి, ఆయాసం తీర్చుకుని, "మేస్త్రీ గారూ, మీ షాకులు కూడా మార్పించుకోవాలండి" అన్నారు. మోకాళ్ళు అరిగిన మెకానిక్కుని చూసి ఆ జోకు వెయ్యని మనిషి అమలాపురంలో నాకింతవరకు తగల్లేదు. ఆ సాయంత్రమే షెడ్డు తాళాలు మా ఇంటావిడ చేతిలో పెట్టేసేను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, ఆనందరావు గారూ, మీ అనుభవంలోంచి ఏవైనా చెప్పండి అంటారు. తీరా వాళ్ళకి కావలసింది కారు జబ్బు చెప్పే స్కానరు ఏది కొనాలి, షెడ్డు బోర్డు మీద బొమ్మ ఎవరిది వెయ్యాలి అన్నవి. ఆ రెండూ నాకు తెలియవు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఎన్ని కార్లు విప్పేనో కూడా తెలియదు. ఒక్క కారు సంగతి మాత్రం బోల్టు బోల్టు వరసా గుర్తుంది. దాని ముందు షాకులు నేను మార్చేను. మిగతా కార్లన్నీ కలిసి నాకు నేర్పనిది అది నేర్పింది. అది చెప్పాలంటే ముందు మా మేనేజరు గురించి చెప్పాలి.

మూర్తి గారి మూడు మాటలు

సొంత షెడ్డు పెట్టుకోకముందు తొమ్మిదేళ్ళు రాజమండ్రిలో ఒక పెద్ద వర్క్‌షాపులో చేసేను. మేనేజరు మూర్తి గారు. తెల్ల చొక్కా వేసుకొచ్చేవారు. సాయంత్రం వెళ్ళేటప్పుడు కూడా అది తెల్లగానే ఉండేది. గ్రీజు ఆయన్ని చూసి భయపడేదని మాలో మేము అనుకునేవాళ్ళం.

మూడు మాటలొస్తే ఈ పనిలో బతికెయ్యొచ్చని ఆయన మాకు చెప్పేవారు. కారు రాగానే అనవలసింది, "చాలా ఆలస్యంగా తెచ్చేరండి." పని జరుగుతుండగా అనవలసింది, "దీంతోపాటు అది కూడా మార్చేస్తే మంచిదండి." తీసుకెళ్ళిన కారు చప్పుడు చేస్తోందని మళ్ళీ వస్తే అనవలసింది, "కొత్తది కదండీ, సర్దుకుంటుంది." తర్వాత్తర్వాత చూసేను, ఈ మూడు మాటల మీద వర్క్‌షాపులే కాదు, ఆసుపత్రులూ ఆఫీసులూ కూడా నడుస్తున్నాయి.

ఆ వర్క్‌షాపులో ఒక అద్దాల బీరువా ఉండేది. అందులో టార్కు పానా. నట్టు ఎంత బిగించాలో అంత బిగియగానే టక్కుమని చెప్పే పానా అది. పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చినప్పుడు బీరువా తాళం తీసేవారు. దసరాకి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టేవారు. తొమ్మిదేళ్ళలో నేను దాని టక్కు వినలేదు. మేమంతా మోచేతి బలంతోనే బిగించేవాళ్ళం. మోచేతికి ఒక రోజున్న బలం ఇంకో రోజు ఉండదని ఎవరూ అనుకోలేదు.

అలాగని మూర్తి గారికి పని రాదనుకోకండి. గేటులోంచి కారు లోపలికి వస్తుంటే కుర్చీలోంచి లేవకుండానే చప్పుడు విని, కుడి ముందు షాకు పోయిందనో, ఎడమ బేరింగు పోయిందనో చెప్పేవారు. ఎప్పుడూ తప్పలేదు. కానీ చెయ్యి పెట్టడం ఎప్పుడో మానేశారు. పని తెలిసినవాడు చెయ్యి పెట్టడం మానేస్తే వాడికి మిగిలేవి మాటలే. అక్కణ్ణుంచి వచ్చేసేటప్పుడు ఆయన చెవిని తెచ్చుకోవలసింది. మూడు మాటలు తెచ్చుకున్నాను.

పెద్దిరాజు గారి కారు

రాజోలు అవతల ఒక లంక ఊరి రైతు పెద్దిరాజు గారు. కొబ్బరి తోటలు, కొంచెం వరి. ఆయన కారు మూడు లక్షల కిలోమీటర్లు దాటింది. అందులో ఆయన సొంతానికి తిరిగింది పావు వంతు కూడా ఉండదు. ఊళ్ళో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరికి బ్యాంకులో సంతకం పెట్టవలసి వచ్చినా ఆ కారే. గ్యాసు బండలు, అరటి గెలలు, పెళ్ళికొడుకులు, ఒకసారి దూడ, అన్నీ ఆ వెనక సీటులోనే ప్రయాణం చేశాయి. కాదనడం ఆయనకి రాదు. కోనసీమలో కాదనడం రానివాడి దగ్గర కారుంటే అది పంచాయతీ ఆస్తి.

ఆ కారు నా దగ్గరికి వచ్చేసరికి ముగ్గురు వైద్యుల్ని చూసొచ్చింది. మొదటివాడు ఆయన బావమరిది సత్తిబాబు. ఇతను హైదరాబాదులో కొన్నాళ్ళు కారు నడిపినవాడు. ఆ కొన్నాళ్ళతో మిగతా జీవితమంతా సలహాలిస్తున్నాడు. టైర్లు మార్చాలన్నాడు, మార్చేరు. కొత్త టైర్లు కూడా ఆర్నెల్లలో అలలు అలలుగా అరిగిపోయాయి. రెండోది ఫోనులో వీడియో. అది చక్రాల అలైన్‌మెంటు తప్పిందంది. మూడుసార్లు చేయించేరు. మూడోవారు సిద్ధాంతి గారు. కారు పడమటి ముఖంగా నిలబెడుతున్నారు కాబట్టి చప్పుడొస్తోందన్నారు. దాంతో పెద్దిరాజు గారు ప్రహరీ గేటు తీయించి ఇంకోపక్క పెట్టించేరు. గేటు తిరిగింది గాని చప్పుడు తిరగలేదు. ఈ లోపల కారుకి కొత్త సీటు కవర్లు, ముందు అద్దం దగ్గర సెంటు సీసా కూడా వచ్చాయి. మెకానిక్కు ఒక్కడే మిగిలేడు కాబట్టి నా దగ్గరికి తెచ్చేరు.

నేను చేసిన పరీక్ష ఇది. మీరూ చెయ్యండి, దీనికి స్కానరు అక్కర్లేదు. బానెట్టు ఒక మూల గట్టిగా కిందకి నొక్కి వదిలెయ్యాలి. బాగున్న కారు ఒకసారి పైకి లేచి ఆగిపోతుంది. పెద్దిరాజు గారి కారు మాత్రం నేను చెయ్యి తీసి, ఆయన పెరట్లో దెబ్బతిన్న కొబ్బరి మొక్కల గురించి చెప్పింది వినేదాకా ఊగుతూనే ఉంది. కిందకి వంగి చూసేను. ఎడమ షాకు గొట్టం పొడుగునా నూనె కారి, దాని మీద దుమ్ము పేరుకుపోయి ఉంది.

పుస్తకాల్లో దాన్ని స్ట్రట్టు అంటారు, మేము షాకనే అంటాం. లోపల నూనె ఉండే గొట్టం, చుట్టూ స్ప్రింగు, పైన రబ్బరు మౌంటింగు. గోతిలో పడ్డ కారుని పైకి లేపేది స్ప్రింగు. లేచింది చాల్లే ఆగు అనేది గొట్టంలో నూనె. నూనె కారిపోతే ఆగమనేవాడు ఉండడు. అప్పుడు చక్రం రోడ్డు మీద నడవదు, గంతులేస్తుంది. టైరు అలలుగా అరిగేది అందుకే. బ్రేకు వేస్తే కారు ఇంకో నాలుగు గజాలు ముందుకెళ్ళేదీ అందుకే.

రెండు పక్కలా మార్చాలని చెప్పేను. కారుతున్నది ఎడంపక్కది కదా, కుడిది బాగానే ఉందేమో కదా అని ఆయన సందేహపడ్డారు.

"రెండూ ఒకేరోజు పుట్టేయండి. ఒకటి ముసలిది ఉంచి ఒకటి కుర్రది పెడితే కారు కుంటుతుందండి" అన్నాను.

"ఆయ్, మరి అలాగే కానివ్వండి" అన్నారు.

చక్రం ఎక్కించిన రోజు

కుడిపక్క పని లక్షణంగా చేసేను. ముందు స్ప్రింగుని కంప్రెసరుతో నొక్కి పట్టి, ఆ తర్వాతే పై నట్టు విప్పేను. ఈ వరస ఎప్పుడూ తప్పకండి. రాజమండ్రిలో ఒకతను స్ప్రింగు నొక్కకుండా పై నట్టు విప్పేడు. స్ప్రింగు అతని చెవి పక్కనుంచి వెళ్ళి పైకప్పు రేకుకి కన్నం పెట్టింది. ఆ కన్నంలోంచి పడే ఎండని బట్టి మేము చాన్నాళ్ళు భోజనాల వేళ చూసుకున్నాం. గాలి రావడం కోసం పెట్టించేమని మూర్తి గారు కస్టమర్లకి చెప్పేవారు.

పాత మౌంటింగు రబ్బర్లు పగిలిపోయాయి, అవి కూడా మార్చేను. షాకు కొత్తది వేసి పాత రబ్బరు ఉంచితే కొత్త చొక్కా కింద చిరిగిన పంచె కట్టినట్టే. తర్వాత ఎడంపక్క మొదలెట్టేను. షాకు కింది చివర రెండు పెద్ద బోల్టులుంటాయి. చక్రాన్ని మోసే ఇనప దిమ్మని షాకుకి పట్టి ఉంచేవి అవే. బోల్టులు రెండూ దూర్చేను. నట్లు రెండూ వేళ్ళతో ఎక్కించేను. ఇక పానా వెయ్యాలి.

సరిగ్గా అప్పుడే ఒక అధికారి గారి డ్రైవరు వచ్చేడు. సారు కారులో ఏసీ చల్లగా రావడం లేదు, సారు బయటే ఉన్నారు, చెమటలు కక్కుతున్నారు అన్నాడు. నేను పానా కింద పెట్టి పరిగెత్తేను. ఎందుకు పరిగెత్తేనో నిజం చెప్పాలి. పెద్దిరాజు గారు ఎలాగూ ఏమీ అనరు. అధికారి గారు రేపు నలుగురిలో నా పేరు చెప్తారని ఆశ. వెళ్ళి చూస్తే ఏసీకేమీ కాలేదు. ఎవరో బటను ఆపేసేరు. నేను నొక్కేను. బటను నొక్కడంలో ఎంత విద్య ఉందో సారు మెచ్చుకున్నారు. టీ తెప్పించేను. పావుగంట నిలబడే మాట్లాడేను.

తిరిగొచ్చేసరికి నాకు కనిపించింది పూర్తయిన పని. షాకు స్థానంలో ఉంది, బోల్టులున్నాయి, నట్లున్నాయి. చక్రం ఎక్కించేసేను. అలైన్‌మెంటు మాత్రం తప్పకుండా చేయించుకోమని పెద్దిరాజు గారికి చెప్పేను. ఈ జన్మకి సరిపడా చేయించేను, వచ్చే వారం చూస్తాలెండి అని ఆయన వెళ్ళిపోయేరు.

మర్నాడు పొద్దున్న ఫోను చేసేరు. కారు పూలరథంలా ఉందట. కానీ ఎడంపక్క మలుపు తిరిగినప్పుడు టిక్కుటిక్కుమని చిన్న చప్పుడట.

"కొత్త షాకులండి, సర్దుకుంటాయి" అన్నాను.

ఆలోచించి అనలేదు. తుమ్మితే చిరంజీవ అన్నట్టు నోట్లోంచి వచ్చేసింది. ఆయ్ అని ఆయన ఫోను పెట్టేసేరు.

కాలవ గట్టు

నాలుగో రోజు మళ్ళీ ఫోను. "మేస్త్రీ గారూ, కారు కొంచెం పక్కకి దిగిందండి" అన్నారు పెద్దిరాజు గారు. మా వైపు మర్యాద అలాంటిది. నేను వెళ్ళేసరికి కారు పంట కాలవ గట్టు దిగి, ముక్కు నీళ్ళవైపు పెట్టి, ఒలిచిన కొబ్బరి డొక్కల గుట్టలో సగం దూరి ఉంది. ఆ గుట్ట లేకపోతే కాలవలో ఉండేది.

కారులో ఇద్దరున్నారు. నడుపుతున్న పెద్దిరాజు గారికి ఏమీ కాలేదు. పక్కన సుగుణమ్మ టీచరు గారు. ఆవిడ ఆ ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యేరు, ఒక్కరే ఉంటారు. బతికే ఉన్నామని పింఛనుదారులు ఏటా కాగితం ఇవ్వాలి కదా, అది ఇవ్వడానికి అమలాపురం బయల్దేరేరు. ఎడమ మణికట్టు విరిగింది. నేను వెళ్ళేసరికి వేరే బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళిపోయేరు. విరిగిన చేతికి కట్టు కట్టినట్టు ఆసుపత్రివాళ్ళు రాసిచ్చిన కాగితం, ఆవిడ బతికే ఉన్నారనడానికి సాక్ష్యంగా చాలదని ఆఫీసులో అన్నారట. అది తర్వాత తెలిసింది.

గట్టు మీద పదిమంది చేరేరు. రోడ్డు బాగాలేదని కొందరు, ఆ చోటు మంచిది కాదని కొందరు. పోయినేడు అక్కడే గేదె జారిందట. నేను చక్రం దగ్గర కూర్చున్నాను. చక్రం పైభాగం లోపలికి ఒరిగిపోయి ఉంది. రెండు బోల్టుల్లో పైది లేదు. కిందది ఉంది. దాని నట్టుని రెండు వేళ్ళతో తిప్పేను. తిరిగింది.

ఆ క్షణంలో నేను చేసిన పని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. తల ఎత్తి, నన్నెవరైనా చూస్తున్నారా అని చుట్టూ చూసేను. ఎవరూ చూడటం లేదు. అందరూ గేదె గురించి మాట్లాడుకుంటున్నారు. జేబులోంచి పానా తీసి ఆ కింది నట్టు బిగించేసేను.

ముప్పై ఏళ్ళ పనిలో అంత శ్రద్ధగా నేను ఏ నట్టూ బిగించలేదు.

కారుని షెడ్డుకి లాగించేను. పై బోల్టు రోడ్డు దెబ్బకి తెగిపోయి ఉంటుందని పెద్దిరాజు గారే అన్నారు. నేను అవుననలేదు, కాదనలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు. ఏమైందని మా ఇంటావిడ రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు. కంచం తీసేస్తూ, "ఆ టీచరు గారిని చూసొచ్చేరా?" అంది. అంతే అంది.

నా మాట ఎవరూ నమ్మలేదు

ముందు పెద్దిరాజు గారింటికి వెళ్ళేను. వీధరుగు మీద ఆయన, సత్తిబాబు, సిద్ధాంతి గారు ఉన్నారు. నాకు కుర్చీ వేసేరు, మజ్జిగ ఇచ్చేరు. కూర్చోకుండానే చెప్పేసేను.

"తప్పు నాదండి. ఎడంపక్క నట్లు నేను బిగించలేదండి. గట్టు మీద మీరెవరూ చూడకుండా బిగించేనండి."

ముగ్గురూ నావైపు జాలిగా చూసేరు.

పెద్దిరాజు గారు లేచి నా భుజం మీద చెయ్యి వేసి, ఊరుకోండి, మీరు బాధపడి మొత్తం నెత్తిన వేసుకుంటున్నారు అన్నారు. సిద్ధాంతి గారు, ప్రయాణం బయల్దేరిన వేళ ఏదో అడిగి తెలుసుకుని, ఆ వేళకి నట్టు బిగించినా ఒకటే, బిగించకపోయినా ఒకటే అని తేల్చేరు. నేను మళ్ళీ చెప్పేను. అధికారి గారి ఏసీ బటను దగ్గర్నుంచి మొత్తం చెప్పేను. అప్పుడు సత్తిబాబు అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

"బావగారూ, ఈ రోజుల్లో తప్పు చేసినోడు ఎవడైనా ఒప్పుకుంటాడా అండి? ఈయన ఒప్పుకుంటున్నారంటేనే తెలియటం లేదా, ఈయన చెయ్యలేదని?"

వారం తిరిగేసరికి రాజోలు నుంచి అంబాజీపేట దాకా నా పేరు మోగిపోయింది. చెయ్యని తప్పు మీదేసుకున్న మహానుభావుడి చేతే మా కారు చేయించాలని కొత్తవాళ్ళు వరస కట్టేరు. నిజాయితీగా చేసిన పనికి ఏనాడూ రాని పేరు, చెయ్యని పనికి వచ్చింది.

లెక్కల టీచరు

సుగుణమ్మ టీచరు గారు మాత్రం వేరు. సిమెంటు కట్టు వేసిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మొత్తం విన్నారు. నేను ఆపేక అడిగేరు.

"కుడిపక్కవి బిగించేరా?"

"బిగించేనండి."

"ఎలా తెలుసు?"

"రోజూ బిగిస్తానండి."

"బిగించినట్టు గుర్తుందా, రోజూ బిగిస్తారు కాబట్టి బిగించే ఉంటాననుకుంటున్నారా?" అన్నారు. గొంతులో కోపం లేదు. నల్లబల్ల ముందు నిలబెట్టినట్టుంది.

గుర్తు లేదండి అన్నాను. ఆవిడ తలూపేరు. చప్పుడొస్తోందని పెద్దిరాజు గారు ఫోను చేస్తే ఏం చెప్పేరని అడిగేరు. సర్దుకుంటాయని చెప్పేనన్నాను. ఆ మాట ఇంతవరకు ఎంతమందికి చెప్పి ఉంటారని అడిగేరు. అది లెక్క కట్టగలిగింది కాదు. రాజమండ్రి నుంచి చెప్తూనే ఉన్నాను.

క్షమించమని అడగడానికి వెళ్ళేను. ఆవిడ ఆ ప్రస్తావన తేలేదు. "నా చెయ్యి అతుక్కుంటుంది లెండి. మీరు ఆ మాట చెప్పి పంపించిన కార్లు ఇంకా రోడ్డు మీదున్నాయి కదా. వాటి సంగతి చూడండి" అన్నారు. అంటే ఇంటిపని ఇచ్చేరన్న మాట. నేను యాభై దాటేక.

షెడ్డుకొచ్చి గుర్తున్నంత మేరకి రాసుకున్నాను. అంతకుముందు రెండేళ్ళలో చప్పుడొస్తోందని మళ్ళీ ఫోను చేసినవాళ్ళు, నేను సర్దుకుంటుందన్నవాళ్ళు, పద్నాలుగు మంది తేలేరు. ఒక్కొక్కరికీ ఫోను చేసి, బండి ఒకసారి తీసుకురండి, చూడాలి అన్నాను. మెకానిక్కు తనంతట తను పిలిస్తే మనుషులు ఎలా భయపడతారో అప్పుడు చూసేను. పనులు లేవా మేస్త్రీ గారూ అని ఒకాయన పరామర్శించేరు. షెడ్డు అమ్మేస్తున్నారా అని ఇంకొకాయన. ఒకాయనైతే, చప్పుడు ఎప్పుడో సర్దుకుందండి అన్నారు. ఎలా సర్దుకుందని అడిగితే, పాటలు గట్టిగా పెట్టుకుంటున్నానండి అన్నారు.

బతిమాలి, బామాలి పదకొండు బండ్లు రప్పించేను. తొమ్మిది బాగానే ఉన్నాయి. ఒకదానికి అప్పట్లో మౌంటింగు రబ్బరు నేనే తిరగేసి పెట్టేను. పదకొండోది అంబాజీపేట వైపు పిల్లల్ని బడికి తీసుకెళ్ళే వ్యాను. దాని షాకు పై నట్టు ఊడిపోవడానికి ఇంకో రెండు చుట్లు మిగిలాయి. వ్యాను తాలూకు ఆయన పక్కనే నిలబడి, నెలరోజుల నుంచి చప్పుడు ఎక్కువైందండి, మీరు సర్దుకుంటుందన్నారు కదా అని ఊరుకున్నానండి అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. వెనక సీటులో ఎవరో పిల్ల మర్చిపోయిన నీళ్ళ సీసా ఉంది.

ఆ తర్వాత మళ్ళీ టీచరు గారి దగ్గరికి వెళ్ళి, చేసిన పని చేసినట్టు గుర్తుండాలంటే ఏం చెయ్యాలండి అని అడిగేను. ఆవిడ చెప్పింది చాలా చిన్న సంగతి. పరీక్ష పేపరు దిద్ది, మార్కులు రెండుసార్లు కూడి, అప్పుడు మాత్రమే పైన సంతకం పెట్టేవారట. సంతకం లేని పేపరు, ఎంత దిద్దినట్టు కనిపించినా, మళ్ళీ మొదట్నుంచి దిద్దేవారట. నేను ఒక పసుపు రంగు పెయింటు డబ్బా, సన్నపు కుంచె కొన్నాను. టార్కు పానా కూడా ఒకటి కొని, బీరువా లేదు కాబట్టి, పనికి వాడేను. నట్టు బిగించి, టక్కు విని, నట్టు మీద నుంచి బోల్టు మీదకి పసుపు గీత ఒకటి. గీత లేకపోతే బిగించనట్టే. నట్టు కదిలితే గీత విరుగుతుంది, కంటికి కనిపిస్తుంది.

కట్టు విప్పేక టీచరు గారు షెడ్డుకి వచ్చేరు. బాగుచేసిన ఆ కారులోనే, పెద్దిరాజు గారి పక్కనే కూర్చుని వచ్చేరు. చక్రాలు తియ్యమని, ఒక్కొక్క గీతా వంగి చూసేరు. మేస్త్రీ గారి మీద నమ్మకం లేదాండి అని పెద్దిరాజు గారు నొచ్చుకున్నారు.

"నమ్మకం ఉంది కాబట్టే చూస్తున్నాను. లేకపోతే బస్సెక్కేదాన్ని" అన్నారావిడ.

కొత్తవాళ్ళకి నేను చెప్పగలిగింది అదే. అనుభవం వచ్చేకొద్దీ చెయ్యి మనల్ని అడక్కుండా పని చేస్తుంది. అప్పుడే మన కన్ను చేతిని అడగాలి. చప్పుడొస్తోందని కస్టమరు అంటే వస్తోందనే అర్థం. కొత్త షాకులు సర్దుకోవు. సర్దుకునేది కస్టమరు.

పసుపు గీత

ఇక ఆ గీత సంగతి. మా షెడ్డులో చేయించుకున్న కార్లకి చక్రాల వెనక పసుపు గీతలుంటాయని ఊళ్ళో తెలిసింది. మిగతా షెడ్లవాళ్ళు మొదట నవ్వేరు. తర్వాత కస్టమర్లు, మా బండికి పసుపు గీత వెయ్యరాండి అని అడగడం మొదలెట్టేరు. అప్పట్నుంచి అందరూ వేస్తున్నారు. పసుపు శుభమని సిద్ధాంతి గారు కూడా ఒప్పుకున్నారు, గురువారం వేయిస్తే ఇంకా మంచిదట. అలైన్‌మెంటు సెంటరు ఒకటి గీత ఉచితం అని బోర్డు పెట్టింది. సత్తిబాబు తన మోటారు సైకిలుకి కనిపించిన ప్రతి నట్టుకీ వేయించుకున్నాడు, రెండు అద్దాలకి కూడా.

మొన్న కొత్తపేటలో కొత్తగా షెడ్డు తెరిచిన ఒకాయన నాకు వాట్సాప్‌లో ఫోటో పంపించేరు. ముందు షాకు, రెండు బోల్టులు, వాటి మీద ముగ్గు వేసినంత శ్రద్ధగా రెండు పసుపు గీతలు. ఎలా ఉందండి గురువు గారూ అని కింద రాసేరు. ఫోటో పెద్దది చేసి చూసేను. గీత నిటారుగా ఉంది. దాని కింద నట్టుకీ ఇనుముకీ మధ్య వెలుతురు కనిపిస్తోంది.

రంగు బాగుందండి, ఇప్పుడు నట్టు బిగించండి అని రాసేను.

బిగిస్తే గీత చెరిగిపోతుంది కదండీ అని జవాబొచ్చింది.